తలకు దెబ్బ తగిలిన రోగికి పరిచర్య

మిరప కోతలు, ప్రత్తి తీతలు సాగు దినములలో సత్తెనపల్లి నుండి గుంటూరు పోవు రోడ్డుపై కూలీల ఆటోలు, టిక్కీలు వేసిన ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు ఎడతెగక నడచుచుండును. ప్రమాదము జరిగినచో గాయపడినవానిని మొదట తాకునది వైద్యుడు కాదు, దారిన పోవు గ్రామస్థుడు. ఆస్పత్రి నుండి వచ్చిన పిమ్మట నెలల తరబడి సేవ చేయునది ఇంటివారు. కావున పరిచర్యా విధానమును అందరును తెలిసికొనవలెను.

మెదడునకు గాయము రెండు విడతలుగా కలుగును. మొదటిది దెబ్బ తగిలిన క్షణముననే కలుగును; దానిని మరలింపజాలము. రెండవది పిమ్మట ఊపిరి సరిగా ఆడకపోవుట వలనను, రక్తపు పోటు పడిపోవుట వలనను, పుర్రెలో వాపు పెరుగుట వలనను కలుగును. దీనిని నివారించుటయే పరిచర్యకు ముఖ్యోద్దేశము.

స్పృహ లేనివాని నోట నీరు గాని సోడా గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కాళ్లు చేతులు పట్టి ఎత్తరాదు. మెడ ఎముక విరిగి యుండవచ్చును. వాంతి అయినచో తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు నలుగురు కలసి ప్రక్కకు త్రిప్పవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. కేసు భయముతో వెనుదీయ నక్కరలేదు. సదుద్దేశముతో సాయపడువారికి 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ కల్పించినది.

లేచి నడచినవానికి సైతము లోపల రక్తస్రావము కావచ్చును. తలనొప్పి పెరిగినను, వాంతులు మరల మరల అయినను, మత్తు క్రమ్మినను తక్షణము ఆస్పత్రికి చేర్పవలెను.

ఆస్పత్రిలో నర్సు రోగి కన్ను తెరచుటను, మాటాడుటను, కాలుచేతులు కదల్చుటను మాటిమాటికి పరీక్షించి మార్కులు వేయును. 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్‌లు ఏర్పరచిన ఈ కొలతలో 15 మేలైనది, 3 విషమమైనది. మార్కు తగ్గినచో వైద్యునికి తక్షణము తెలుపును.

ఇంటికి వచ్చిన పిమ్మట, తనంత తాను కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్క మార్చనిచో వీపున పుండ్లు పడును. గొట్టము ద్వారా ఆహార మిచ్చునపుడును, పిమ్మట కనీసము అరగంటయు తలవైపు ఎత్తుగా నుంచవలెను. మూర్ఛ వచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టుట నిష్ప్రయోజనము. నోట ఏమియు పెట్టక ప్రక్కకు త్రిప్పవలెను. అయిదు నిమిషములు దాటినచో 108ని పిలువవలెను. మూర్ఛ మందులను వైద్యుని అనుమతి లేక మానరాదు.

కొందరు రోగులు చీటికి మాటికి కోపగింతురు, చెప్పినది మరతురు. ఇది గాలి సోకుట కాదు, పొగరును కాదు. మెదడు గాయపు ఫలితము. వారిని నిందింపక ఓర్పుతో చూడవలెను. సేవాభారమును ఒక్క ఇల్లాలిపైననే మోపక ఇంటిల్లిపాదియు వంతులవారీగా పంచుకొనవలెను. ఆమె పడకబట్టినచో రోగికి దిక్కెవరు?