ముందద్దానికి మంచు ఏ వైపున?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కార్ల మీద మంచు గడ్డకట్టేంత చలి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, చలిగాలులు వీస్తే 10 దాకా దిగుతుంది. అయినా ఆరుబయట నిలిపిన బండి ముందద్దం తెల్లారేసరికి మసకబారుతుంది. మసక పట్టింది లోపలా, బయటా అన్నది ముందు తేల్చుకోవాలి. వేలితో రాసి చూస్తే తెలిసిపోతుంది.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములే. గాలి చల్లబడి ఇక ఆవిరిని మోయలేని ఉష్ణోగ్రతే తుషార స్థానం. మబ్బులేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి తుషార స్థానానికి చేరి నీటిబొట్లను వదులుతుంది. ఆకాశం వైపు వాలి ఉన్న ముందద్దం తడిసి ముద్దయినా, నిలువుగా ఉండే పక్క అద్దాలకు అంత తడి పట్టకపోవడానికి కారణం ఇదే. వేపచెట్టు కిందో రేకుల షెడ్డులోనో పెట్టిన బండికి ఈ బాధ తక్కువ. సాగర్ ఎడమకాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు యాసంగి నాట్లకు నీళ్లు పెట్టిన పొలాల పక్కన గాలిలో తేమ ఎక్కువ, అక్కడ మంచూ ఎక్కువే.

బయటి తడిని వైపర్ తుడిచేస్తుంది. అయితే అద్దం మీద చెల్క దుమ్ము పేరుకుని ఉంటే ముందు నీళ్లు కొట్టాలి. లేకపోతే ఆ ఇసుకే అద్దాన్ని గీస్తుంది. పాలమూరు ఎండలకు గట్టిపడిన వైపర్ రబ్బరు చలికాలానికి చారలు తప్ప ఏమీ మిగల్చదు. రబ్బరు ఖరీదు తక్కువే, కానీ దాన్ని మార్చాలన్న ఆలోచన చాలామందికి వాన పడ్డాకే వస్తుంది.

లోపలి మసకకు వైపర్ పనికిరాదు. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు నలుగురు కిటికీలు బిగించుకుని బయలుదేరితే, వాళ్ల ఊపిరిలోని ఆవిరే చల్లని అద్దానికి పడుతుంది. చేత్తో తుడిస్తే చేతి జిడ్డు అంటుకుని, ఎదురొచ్చే లారీ లైట్ల వెలుగు అద్దమంతా చెదురుతుంది. ఏసీ, హీటర్ రెండూ వేసి గాలిని అద్దం మీదికి తిప్పడమే సరైన మార్గం. ఏసీ చల్లని గొట్టాల మీద గాలిలోని తేమ నీరై కారిపోతుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబరుస్తుంది. చలికాలంలో ఏసీ ఎందుకని చాలామంది ఆపేస్తారు, అక్కడే పొరపాటు. లోపలి గాలినే తిప్పే మీటను మూసి బయటి గాలిని రానివ్వాలి. ఏసీ లేని లారీలో, డీసీఎంలో రెండు వైపులా కిటికీలు రెండు వేళ్ల మందం దించితే చాలు.

నిజానికి నీటిపొర పారదర్శకమే. విడివిడి చుక్కలే ఒక్కొక్కటీ కటకంలా వెలుగును చెదరగొడతాయి. సబ్బు, షాంపూ పలుచగా రుద్ది తుడిచిన అద్దం మీద నీరు చుక్కలు కట్టక పొరగా పరుచుకుంటుంది. వానలో వైపర్ చెడితే డ్రైవర్లు అద్దానికి పొగాకు రుద్దడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. ఏసీతో చల్లబడిన అద్దానికి బయటి తేమ పడుతుంది. అప్పుడు చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీద నుంచి పక్కకు తిప్పాలి.

అసలైన మంచుగడ్డతో అవస్థ అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లది. అక్కడ గోకుడు పలకతో గడ్డను గీకాలి. వేడినీళ్లు పోస్తే అద్దం ఒకచోట ఒక్కసారిగా వ్యాకోచించి పగలవచ్చు. న్యూజెర్సీలో బండి పైకప్పు మీది మంచు తీయకుండా రోడ్డెక్కితే జరిమానా. వైపర్‌కు 1903లో పేటెంటు పొందిన మేరీ ఆండర్సన్‌కు ఆ ఆలోచన తట్టిందీ న్యూయార్కు మంచులో, ట్రామ్ డ్రైవర్ పడుతున్న తిప్పలు చూసే.

చౌటుప్పల్, చిట్యాల దగ్గర 65వ నంబరు రహదారి మీద గానీ జడ్చర్ల దాటాక 44వ నంబరు మీద గానీ పొగమంచు కమ్మితే అద్దం ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది కాబట్టి లో బీమ్‌తో నెమ్మదిగా వెళ్లాలి. బండి ఆపాల్సి వస్తే రోడ్డు దిగి, డాబా ముందో పెట్రోలు బంకులోనో ఆపాలి.