వృత్తి కథకుడు - పిలిచేవాళ్ల బాధ్యత

పాఠశాల వార్షికోత్సవాలకూ, గ్రంథాలయ వారోత్సవాలకూ, ఇళ్లల్లో జరిగే శుభకార్యాలకూ వృత్తి కథకులను పిలిపించి కథ చెప్పించాలన్న ఆసక్తి నాకు తెలిసిన ఉపాధ్యాయుల్లోనూ, తల్లిదండ్రుల్లోనూ కొంత కనిపిస్తోంది. సంతోషించవలసిన విషయమే. అయితే పిలవడం వేరు, వినడం వేరు, విన్నదానికి న్యాయంగా ప్రతిఫలం ఇవ్వడం వేరు. ఈ మూడింటి మధ్య ఎంత దూరముందో ఒక సంఘటన వల్ల నాకు తెలిసివచ్చింది.

ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవానికి ఒగ్గుకథ బృందాన్ని పిలిచారు. ఆ కళారూపాన్ని పిల్లలకు పరిచయం చేసే పని నాకు అప్పగించారు. బృందంలో ఐదుగురు. ప్రధాన కథకుడికి అరవై ఏళ్లు దాటాయి. సాయంత్రం ఐదుకు రమ్మంటే నాలుగున్నరకే వచ్చి వేదిక వెనుక డోళ్లు పెట్టుకుని కూర్చున్నారు. సినిమా పాటలకు నృత్యాలు, బహుమతులు, ఉపన్యాసాలు పూర్తయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఇరవై నిమిషాల్లో ముగించాలన్నారు. స్తుతి అయి, దరువు కుదిరి, కథ ఎత్తుకునేసరికి 'ఇక చాలు' అని చీటీ వచ్చింది. పెద్దాయన చీటీ నా చేత చదివించుకుని, "సారూ, కథ ఇంకా పుట్టనే లేదు, అప్పుడే మంగళం పాడుమంటున్రు" అన్నాడు. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. నాకు మాత్రం తలవంపులైంది.

నాలుగు వేలకు మాట్లాడుకుని రెండున్నర వేలు చేతిలో పెట్టి, ఒక శాలువా కప్పి పంపారు. బస్టాండు దాకా వారితో నడిచాను. అడిగితే ఆయన లెక్క చెప్పాడు. "ఆటోకు, బస్సుకు పోను మనిషికి మూడువందలు పడ్తయి సారూ. పత్తి ఏరబోయినా ఇంతకు తక్కువ రాదు. శాలువా ఒక్కటే, మేమేమో ఐదుగురం." నిష్ఠురం ఆడకుండా ఆయన చెప్పిన ఈ లెక్కను మనం సరిగా చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కథకుణ్ణి పిలిపించుకోవడం మన సమాజానికి కొత్త కాదు. తెలంగాణలో దాదాపు ప్రతి శ్రామిక కులానికీ కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. గొల్ల కురుమలకు ఒగ్గువారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు. ఇందులో కొందరు చేర్యాల నకాషీల చేత పటం గీయించుకుని, ఆ పటం విప్పుతూ కథ చెబుతారు. కురుమల ఇళ్లల్లో పట్నం వేసి, రాత్రి పొడుగునా మల్లన్న కథో బీరప్ప కథో చెప్పించడం ఇప్పటికీ ఉంది.

ఈ సంబంధానికి మిరాశి అని పేరు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో ఏర్పాటు ఉండేది. ఆ ఊళ్ల మీది హక్కును అన్నదమ్ములు ఆస్తిలాగే పంచుకునేవారు, కట్నంగా ఇచ్చేవారు, అవసరమైతే తాకట్టు పెట్టేవారు. అంటే కథకుడు వచ్చి అడిగేది బిచ్చం కాదు, తన వాటా. ఇవ్వకపోతే నిలదీసే అధికారం కూడా అతనికి ఉండేది. ఈ విషయాన్ని మనం తరచు మరచిపోతాం.

అయితే దీన్ని చూసి పాత వ్యవస్థను పొగడవలసిన పని లేదు. మిరాశి భూస్వామ్య సమాజపు సంబంధం. పుట్టుకతో వచ్చిన ఆ హక్కు, పుట్టుకతో పడిన సంకెల కూడా. కథకుడు దాత కులం కంటే ఎప్పుడూ ఒక మెట్టు కిందనే నిలబడాలి. డక్కలివారి స్థితి మరీ దారుణం. అంటరానితనాన్ని అనుభవిస్తున్న మాదిగలకే వారు అంటరానివారు. వారు చెప్పే జాంబపురాణం మాత్రం సృష్టికి ముందే జాంబవుడు పుట్టాడని, లోకంలో ఆ కులమే తొలుతటిదని చాటుతుంది. ఇతరుల ఆత్మగౌరవాన్ని గానం చేసేవాడికి తన ఆత్మగౌరవం దక్కని స్థితి ఇది. కథకుణ్ణి పిలిచే ప్రతివారూ ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోవాలి.

మిరాశి ఎందుకు సడలిందో కూడా చూడాలి. సినిమా, టెలివిజన్ వచ్చి కథకుణ్ణి చంపాయని చెప్పడం సులభం. అందులో నిజముంది గాని అది సగం నిజమే. మగ్గం ఆగి నేతగాడు భీవండికో సూరత్‌కో వలసపోయినప్పుడు, అతని ఇంటికి వచ్చే కూనపులివాడి మిరాశి ఎక్కడ మిగులుతుంది? దాత వృత్తి కూలితే ఆశ్రితుడి వృత్తి దాని కిందే పడుతుంది. కళ మీద మక్కువ తగ్గడం కంటే ముందు ఉత్పత్తి సంబంధాలు మారాయి.

రెండో రకం పిలుపు ఉద్యమానిది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ప్రజానాట్యమండలి కృషి మొదలైందీ ఆ కాలంలోనే. జంగం కథగా ఇంటింటా తిరిగిన కళ బుర్రకథగా సభావేదిక ఎక్కింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ అందులో అగ్రగణ్యుడు. బుర్రకథ నిర్మాణంలోనే వాదోపవాదాలకు చోటుంది. మధ్యలో తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ కథకుడు. ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత రాజకీయం చెబుతాడు. శ్రోత మనసులో పుట్టే సందేహాన్ని వంత ముందే అడుగుతాడు. బెంగాల్ కరువును, అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని ఈ రూపంలో చెప్పగలగడానికి కారణం అదే. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఇలాగే ఉద్యమానికి మలిచాడు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సవరించాలి. పాత రూపంలో కొత్త విషయం నింపితే ప్రజాకళ తయారవుతుందని మనలో కొందరు అనుకుంటారు. నాజర్ పని అంత తేలిక కాదు. ఆయన సంగీతం నేర్చాడు, నటన నేర్చాడు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం వంటి వీరగాథల మీద పట్టు సాధించాడు. రూపం అతని ఒంట్లో ఇంకిన తరువాతనే కొత్త విషయం అందులో ఇమిడింది. మనం కరపత్రం చేతికిచ్చి "దీన్ని కథగా చెప్పు" అంటే కథా ఉండదు, కరపత్రమూ ఉండదు.

మూడో పిలుపు ప్రభుత్వానిది. 1954లో కేంద్ర ప్రభుత్వం పాటలు, నాటకాల విభాగాన్ని ఏర్పాటు చేసి పంచవర్ష ప్రణాళికల ప్రచారానికి జానపద కళాకారులను వినియోగించింది. కుటుంబ నియంత్రణ మొదలు అనేక పథకాలు బుర్రకథలయ్యాయి. దానివల్ల ఎందరికో నాలుగు పూటలు అన్నం దొరికిన మాట కాదనలేం. కాని అధికారులు రాసిచ్చిందే చెప్పాలన్న నియమం వల్ల కథకుడు కథ మీద హక్కు పోగొట్టుకున్నాడు. అడిగే వంత, ఎదురు చెప్పే వంత ఆ కథల్లో ఉండడానికి వీల్లేదు. అందరూ ఒకటే మాట చెబితే ముగ్గురు ఎందుకు?

ఇక మన పాఠశాలల పిలుపు నాలుగోది. ఇందులో మిరాశికి ఉన్న హక్కు లేదు, ఉద్యమానికి ఉన్న లక్ష్యం లేదు, ప్రభుత్వ కార్యక్రమానికి ఉన్న రసీదు కూడా లేదు. 'మన సంస్కృతి' అనే ఒక అంశం కార్యక్రమపత్రంలో ఉండాలి, అంతే. కళాకారుడు గోడకు తగిలించే బొమ్మ అవుతున్నాడు. పురస్కారాలు వస్తున్నాయి కదా అంటారు. నాజర్‌కు 1986లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. గౌరవించవలసినవారిని గౌరవించారు, మంచిదే. కాని ఒక్కరి మెడలో పతకం వేసినంత మాత్రాన ఐదుగురి బృందానికి పని దొరకదు.

ఈ తప్పులో మన సంఘాలకు భాగం లేదా? ఉంది. మన మహాసభల ప్రారంభంలో ఒక బృందం ఆడి పాడితే తప్ప మనకు సభ నిండినట్టుండదు. 'ప్రజాకళాకారుడు' అని బిరుదిస్తాం, బస్సు చార్జీలిచ్చి పంపుతాం. మైకువాడితో, టెంటువాడితో బేరమాడి పూర్తి సొమ్ము ఇచ్చే మనం, కథకుడి దగ్గరకు వచ్చేసరికి త్యాగం గుర్తు చేస్తాం. శ్రమకు విలువ కట్టాలని కథలూ కవితలూ రాసేవాళ్లం, కథ చెప్పడం శ్రమేనని ఒప్పుకోకపోతే మన రాతలకు అర్థం లేదు.

మరి ఎలా పిలవాలి? నా అనుభవంలో తెలిసినంత చెబుతాను. మొదట కథకుడి ఊరికి వెళ్లి మాట్లాడాలి. ఏ కథలు వచ్చు, ఎంతమంది కావాలి, ఎంతసేపు పడుతుంది అన్నవి ఆయన్నే అడగాలి. మనిషికి ఒక రోజు కూలి పోతుందన్నది పారితోషికానికి అట్టడుగు లెక్క; నేర్చిన విద్యకు దాని పైన కట్టాలి. ప్రయాణం, వాయిద్యాలు మోసుకొచ్చే ఆటో, భోజనం వేరుగా చూడాలి. ఒప్పుకున్న సొమ్ము కథ ముగిసిన వెంటనే, కోత లేకుండా, బృందం ఎదుట ఇవ్వాలి. శాలువా కప్పితే ఐదుగురికీ కప్పాలి, లేదంటే ఆ డబ్బు కూడా వారి చేతికే ఇవ్వాలి. పిల్లల చేత తలా కొంత వసూలు చేయడం కంటే నాలుగైదు పాఠశాలలు కలిసి ఒకే బృందాన్ని వారం పాటు పిలుచుకోవడం మంచిది. అందరికీ భారం తగ్గుతుంది, కథకుడికి వరసగా పని దొరుకుతుంది.

వార్షికోత్సవం రోజున పిలవకూడదు. మామూలు పనిదినంలో, చెట్టు కిందో పెద్ద గదిలోనో, పిల్లలు చుట్టూ కూర్చునేటట్లు ఏర్పాటు చేయాలి. రాత్రంతా సాగే కథను ఇరవై నిమిషాలకు కుదించమనడం కంటే, ఒక ఘట్టాన్ని గంటన్నరసేపు పూర్తిగా చెప్పమనడం న్యాయం. ఏ ఘట్టమో ఆయనే ఎంచుకుంటాడు. ముఖ్య అతిథిని పొగిడే చరణం కలపమని అడగకూడదు. సెల్‌ఫోనులో చిత్రించి నలుగురికీ పంపాలనుకుంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, దానికి వేరే ప్రతిఫలం ఇవ్వాలి. ఆయన కథ ఆయన పొట్టకూడు.

ఇళ్లల్లో పిలిచేవారికీ ఇదే వర్తిస్తుంది. పుట్టినరోజుకో గృహప్రవేశానికో కథ పెట్టించి, అతిథులు భోజనాలు చేస్తూ మాట్లాడుకుంటుంటే మూలన కథ చెప్పించడం అవమానం. మరో మాట. కథకుడికి భోజనం ఎక్కడ పెడుతున్నాం, ఏ గ్లాసులో నీళ్లిస్తున్నాం అన్నది పిల్లలు చూస్తారు. కథ కంటే ఆ పాఠమే వాళ్లకు ఎక్కువకాలం గుర్తుంటుంది.

ఈ కథల్లో దేవుళ్లు, మహిమలు ఉన్నాయి, వీటిని బడిలో వినిపించవచ్చునా అని మిత్రులు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. మల్లన్న, బీరప్ప కథల్లో దేవుడు గొర్రెల కాపరుల మధ్య తిరుగుతాడు. ఆ కథల్లో మూఢవిశ్వాసంతో పాటు శ్రామికుల జీవితమూ, వాళ్ల భాషా, వాళ్ల ఎత్తిపొడుపులూ ఉన్నాయి. రెండింటినీ విడదీసి చూపడం ఉపాధ్యాయుడి పని. కథ మధ్యలో లేచి సవరించడం మాత్రం తగదు. మరునాడు తరగతిలో చర్చ పెట్టాలి. ఈ కథలో ఎవరు పని చేశారు, ఎవరు తిన్నారు, స్త్రీకి మాట్లాడే వీలుందా అని అడగాలి. పాఠ్యపుస్తకంలో లేని ఏ మాటలు విన్నారో రాయించాలి. 1990 దశకం తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న సీతమ్మ కథ, దూబగుంట స్త్రీలను సారా దుకాణం మూయించేదాకా నడిపించింది. విన్నవాళ్లు తమ బతుకుతో పోల్చి మాట్లాడుకున్నప్పుడు కథ అంత పని చేయగలదు.

ఆ పెద్దాయనను మరుసటి ఏడాది మా బడికి పిలిచాను. తోటి ఉపాధ్యాయులం వంతులు వేసుకున్నాం. చింతచెట్టు కింద గంటన్నర చెప్పాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "తాతా, ఈ కథ నీకెవరు నేర్పిండ్రు?" అని అడిగాడు. "మా నాయిన" అన్నాడాయన. "నీ కొడుకుకు నేర్పినవా?" అని మళ్లీ అడిగాడు. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "వాడు పట్నంల వాచ్‌మన్ పని చేస్తుండు బిడ్డా. కథ చెప్తే ఇల్లు గడుస్తదా?" అన్నాడు.

ఆ ప్రశ్న కథకుడు పిల్లవాణ్ణి అడిగాడు గాని జవాబు చెప్పవలసింది మనం. ఆయన కొడుకు తండ్రి వృత్తిలోనే ఉండితీరాలని శాసించే హక్కు మనకు లేదు. అది మళ్లీ మిరాశి సంకెలే అవుతుంది. కాని ఉండదలచుకున్నవాడికి, ఏ కులంవాడైనా నేర్చుకోదలచుకున్నవాడికి, ఈ పని మీద బతికే వీలు కల్పించగలం. మనం పిలిచే ప్రతి సభలోనూ, ప్రతి బడిలోనూ పూర్తి కథ వినడం, పూర్తి కూలి ఇవ్వడం దానికి మొదటి మెట్టు.