శ్రద్ధ - సంశయము



ప్రవచనము ముగిసిన తరువాత కొందరు వెనుకగా వచ్చి, ప్రక్కవారు వినకుండ మమ్ములను ఒక ప్రశ్న అడుగుచుందురు. "నిత్యము పూజ చేయుచున్నాము. కాని నడుమ నడుమ, దీనిని ఎవరైనా వినుచున్నారా అను సందేహము కలుగుచున్నది. ఇది పాపమా?" అని. అడుగునపుడు తప్పు చేసి పట్టుబడినవారివలె తల వంచుకొందురు. వారికి విడిగా చెప్పుచు వచ్చిన మాటను ఈనాడు అందరికిని చెప్పదలచితిమి. ఆ సంశయము మాకును కలిగినదే. కావున మొదట మా అనుభవమును చెప్పి, పిమ్మట శాస్త్రమేమనుచున్నదో విచారింతము.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచివేసెను. అది కార్తికమాసము. సముద్రము గ్రామముల మీదికి వచ్చెను. ఆ తుఫానులో పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అప్పటికి మాకు ముప్పది యేండ్లు నిండలేదు. పాఠశాలలో వేదాధ్యయనము ముగించుకొని స్వగ్రామమునకు వచ్చియుంటిమి. దేహములు దొరకనివారికి అపరకర్మలు చేయించుటకు వైదికులు కావలెనని కబురు వచ్చినది. వెళ్ళితిమి.

మరణము నిశ్చయమై దేహము లభింపనపుడు పర్ణనరదాహమను విధి యున్నది. 360 మోదుగాకు కాడలను మనుష్యాకృతిగా పేర్చి, దానికే దహనసంస్కారము చేయుదురు. ఒక ఊరిలో శివాలయ అర్చకునకు ఆ విధి జరిపింపవలసివచ్చెను. గాలివాన ముదిరిన ఆ సాయంకాలము, కార్తికదీపము తప్పరాదని ఆయన నూనెగిన్నె పట్టుకొని గుడికి వెళ్ళెనట. తిరిగి రాలేదు. కర్మకు కర్త ఆయన పదేండ్ల కుమారుడు. కాడలు పేర్చుట ముగిసినది. అంతవరకు గోడ ప్రక్కన కూర్చుండియున్న అర్చకుని తల్లి లేచి వచ్చి, ఏడువకయే అడిగెను.

"నాయనా, నువ్వు వేదం చదువుకున్నవాడివి. నాకొక్కమాట చెప్పు. నా బిడ్డ దీపం పెట్టడానికి పోయాడు కానీ దొంగతనానికి పోలేదు కదా! ఆ స్వామి చూస్తూ ఊరుకున్నాడా? లేక అక్కడ ఎవరూ లేరా?"

పూర్వజన్మకర్మ అను మాట మా నాలుక చివరివరకు వచ్చెను. ఆమె ముఖము చూచి మ్రింగివేసితిమి. శాస్త్రములో ఆ మాటకు చోటున్నది. కాని ఆ యింటి ముంగిట, ఆ పిల్లవాని యెదుట, అది సమాధానము కాదు, నోరు మూయించు ఉపాయము మాత్రమే. తలవంచి, మిగిలిన మంత్రములు చెప్పి, కర్మ పూర్తిచేయించి వచ్చితిమి.

ఇంటికి వచ్చిన తరువాత కష్టము మొదలయ్యెను. సంధ్యావందనములో అర్ఘ్యమునకు దోసిలియెత్తిన ప్రతిసారియు, ఈ నీరే గదా ఆ ఇండ్లను తుడిచిపెట్టినది అని తోచుచుండెను. మంత్రము నోటికి వచ్చుచుండెను గాని మనస్సు దాని వెంట పోవుటలేదు. ఆమె ప్రశ్న ఇప్పుడు మా ప్రశ్న అయినది. కొన్ని వారములు ఇట్లు గడచిన పిమ్మట గురువుగారి వద్దకు వెళ్ళి ఉన్నదున్నట్లు విన్నవించుకొంటిమి.

"అనుష్ఠానం మానేశావా?" అని అడిగిరి.

"మానలేదండీ. కాని కపటముగా చేయుచున్నట్లున్నది."

"అయితే నచికేతుని కథ చెప్పు. తండ్రి దానం చేస్తుండగా శ్రద్ధ ఎవరిలో ప్రవేశించింది?"

"నచికేతునిలో."

"చనిపోయినవాడు ఉన్నాడా, లేడా అనే సంశయాన్ని యముడి ముందు పెట్టినది ఎవరు?"

"నచికేతుడే."

"ఇద్దరు నచికేతులు లేరు కదరా నాయనా!" అని ఊరకుండిరి.

కఠోపనిషత్తును అంతకుముందు ఎన్ని పర్యాయములు వల్లించితిమో లెక్కలేదు. కాని ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఎన్నడును చూడలేదు. పాలు వట్టిపోయిన గోవులను తండ్రి దానమిచ్చుట చూచి ఆ బాలుడు బాధపడెను. అప్పుడే అతనిలో శ్రద్ధ ప్రవేశించినదని శ్రుతి చెప్పుచున్నది. ఆ శ్రద్ధయే అతనిని యముని వాకిటికి నడిపించి, మూడవ వరముగా మరణానంతర సంశయమును అడిగించినది. యముడు ఆ ప్రశ్న విడువుమని సంపదలు, దీర్ఘాయువు ఆశ చూపెను. బాలుడు విడువలేదు. శ్రద్ధ లేనివాడు అంత గట్టిగా అడుగడు, ఏదో ఒకటి తీసుకొని ఇంటికి పోవును.

వేదమునందు ఇట్టి ప్రశ్నలు మరికొన్ని యున్నవి. ఋగ్వేదము రెండవ మండలము పండ్రెండవ సూక్తము ఇంద్రుని మహిమను కీర్తించునది. ఆయన ఎక్కడ అని అడుగువారును, ఆయనయే లేడనువారును ఉన్నారని ఆ స్తోత్రమునందే ఋషి ఒప్పుకొనెను. ఎనిమిదవ మండలము నూరవ సూక్తమునందు నేముడను ఋషి ఇంద్రుని ఎవరు చూచిరని శంకించినట్లున్నది. పదవ మండలము నూటయిరువదియొకటవ సూక్తమునందు పది ఋక్కులు గలవు. వానిలో తొమ్మిది, ఏ దేవునికి హవిస్సు నర్పింతుమను ప్రశ్నతోనే ముగియును. ఈ మాటలను మన పూర్వులు దాచిపెట్టలేదు. స్వరము తప్పకుండ కంఠస్థము చేసి మనవరకు తెచ్చిరి.

శాస్త్రకారులును సంశయమును వెలివేయలేదు. న్యాయశాస్త్రము చెప్పిన పదునారు పదార్థములలో సంశయము మూడవది. మీమాంసలో విషయము వెంటనే సంశయము చెప్పబడును, సంశయము లేనిదే అధికరణము సాగదు. పతంజలి యోగసూత్రములలో తొమ్మిది అంతరాయములను లెక్కించుచు సంశయమును వ్యాధితోపాటు చేర్చెను. వ్యాధి వచ్చినవాడు పాపము చేసినట్లు సిగ్గుపడనక్కరలేదు, చికిత్స చేసికొనిన చాలును.

"మరి సంశయాత్ముడు నశించునని గీత చెప్పలేదా?" అని మీరు అడుగవచ్చును. చెప్పినది. నాలుగవ అధ్యాయమునందలి ఆ శ్లోకములో అజ్ఞుడు, శ్రద్ధలేనివాడు, సంశయాత్ముడు అని ముగ్గురిని కలిపి చెప్పినారు. సంశయము కలిగినవాడు వేరు, సంశయాత్ముడు వేరు. మొదటివాడు సంశయమును పట్టుకొని తెలిసినవారి వద్దకు పోవును. రెండవవాడు దానిలోనే కాపురముండును, ఎవరినీ అడుగడు, ఏ పనియు చేయడు. ఆరవ అధ్యాయములో అర్జునుడు, యోగమునుండి జారినవాని గతి యేమని తన సంశయమును చెప్పి, దానిని ఛేదింపుమని వేడుకొనెను. భగవానుడు కోపింపలేదు సరిగదా, 'తాత' అని సంబోధించెను. సంస్కృతమున ఆ మాటకు నాయనా అని అర్థము.

ఇక శ్రద్ధయనగా నేమి? నిఘంటువునందు 'శ్రత్' అనునది సత్యమునకు పేరుగా చెప్పబడినది. 'ధా' అనగా ఉంచుట. సత్యమునందు మనస్సును ఉంచుటయే శ్రద్ధ. సత్యమునందు ఉంచవలెనన్నపుడు, మనస్సులో ఉన్న సందేహమును దాచి పూజకు కూర్చుండుట ఎట్లు శ్రద్ధ యగును? దానినికూడ స్వామి యెదుట పెట్టవలెను.

ఋగ్వేదము పదవ మండలమున శ్రద్ధాసూక్తమున్నది, అది మా తైత్తిరీయ బ్రాహ్మణమునందును పఠింపబడుచున్నది. ఉదయము, మధ్యాహ్నము, సూర్యాస్తమయము, మూడువేళల శ్రద్ధను ఆహ్వానింతుమని అందు చెప్పబడినది. ఒకసారి వచ్చిన శ్రద్ధ ఎన్నటికిని పోనిదైనచో మూడువేళల పిలువనేల? అది దీపము వంటిది. ఉదయము వెలిగించినది సాయంకాలమునకు ఉండదు, మరల నూనె పోయవలెను. కావున నిన్న ఉన్న నమ్మకము నేడు లేదని కలతపడవద్దు.

మన పోతనగారి గజేంద్రుని చూడుడు. మొసలి పట్టులో బలము క్షీణించినపుడు, ఉన్నాడనబడువాడు నిజముగా ఉన్నాడా అని అతనికిని సంశయము కలిగెను. కాని మొర ఆపలేదు. భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో రామునిపై నిష్ఠురములాడెను. ఆ నిష్ఠురము రామునితోనే గాని రాముని విడిచి కాదు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. గజేంద్రుని రక్షించుటకు స్వామి పరుగెత్తి వచ్చెను. ఆ అర్చకుని కొరకు రాలేదు. ఎందుకు రాలేదను ప్రశ్నకు నేటికిని మావద్ద సమాధానము లేదు. ఉన్నదని చెప్పినచో ఆ తల్లికి ద్రోహము చేసినవారమగుదుము.

1978 కార్తికమున ఆబ్దికము జరిపించుటకు మరల ఆ ఊరికి వెళ్ళితిమి. సాయంకాలము ఆ తల్లి మనుమని వెంటబెట్టుకొని, నూనెగిన్నెతో గుడికి బయలుదేరెను. మేము ఆశ్చర్యముతో, "అమ్మా, మీ ప్రశ్నకు జవాబు దొరికినదా?" అని అడిగితిమి.

"లేదు నాయనా. రోజూ అడుగుతూనే ఉన్నాను. దీపం పెట్టి మరీ అడుగుతున్నాను" అనెను.

గురువుగారు నచికేతుని కథతో చెప్పినది ఆమె తన నడతతో చూపెను. అప్పటినుండి అర్ఘ్యము విడుచునపుడు మేము ఆ ఉప్పెనను మరచుటకు ప్రయత్నింపలేదు. అదియు మా దోసిలిలోనే ఉన్నది.

కావున భక్తులారా, సందేహము కలిగినపుడు నిత్యానుష్ఠానమును మానవద్దు. ఒక్క దీపమైనను, ఒక్క నామమైనను నిలుపుకొనుడు. పూజ చివర మీ సందేహమును మీ ఇంటి మాటలలో స్వామికి చెప్పుకొనుడు. పెద్దలను అడుగుడు, వారు కసరినచో మరియొకరిని అడుగుడు. ఆప్తులను కోల్పోయినవారి యింటికి వెళ్ళినపుడు కర్మసిద్ధాంతము చెప్పక, వారి ప్రక్కన కూర్చుండి, చేయవలసిన పనిలో సాయపడుడు. అడుగువానిని నాస్తికుడని ఎన్నడును అనవద్దు. అతడు ఇంకను ఆయన వాకిటనే నిలిచియున్నాడు.

స్వస్తి.