మూడు ఊళ్లు, మూడు పద్మశ్రీలు, ఒక తిరస్కారం

తెనాలి, బాపట్ల, రేపల్లె. కృష్ణా డెల్టా పడమటి వైపు ఈ మూడు ఊళ్లనూ కలుపుతూ గీత గీస్తే చిన్న త్రికోణం వస్తుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. రేపల్లెలో పుట్టిన చిత్తూరు నాగయ్యకు 1965లో వచ్చింది. తెనాలి దగ్గరి సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యకు 1975లో వచ్చింది. ఊరికొకటి చొప్పున పంచిపెట్టినట్టున్న ఈ మూడు పద్మశ్రీలూ పాడుతూ నటించినవాళ్లకే దక్కాయి. ఇక నాలుగో మనిషి ఎస్.జానకి. ఆమెది రేపల్లె తాలూకా పల్లపట్ల. 2013లో కేంద్రం పద్మభూషణ్ ప్రకటిస్తే, ఇది చాలా ఆలస్యంగా వచ్చిందనీ, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు దక్కడం లేదనీ చెప్పి ఆమె వద్దన్నారు.

విజయనగరానికి 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, దాని వెనక సంస్థానం ఉంది. తెనాలి ప్రాంతంలో పాట పెరిగిన చోటు వేరు. నాటక సమాజాల రిహార్సళ్లలో, హార్మోనియం పక్కన, తెల్లవార్లూ మేలుకుని పద్యం పద్యానికీ ‘వన్స్ మోర్’ కొట్టే జనం ముందు పెరిగింది. ఇక్కడి విశేషాలన్నీ తిరిగి తిరిగి ఆ రంగస్థలం మీదికే చేరతాయి.

రాని నటుడి చోటులో వచ్చిన సత్యభామ

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం కట్టాల్సిన నటుడు రాలేదు. ఆ వేషం కట్టుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆంధ్రదేశానికి సత్యభామ అయ్యాడు, చిత్రాంగి అయ్యాడు, రోషనార అయ్యాడు, మధురవాణి అయ్యాడు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరాక స్థానం నరసింహారావు పేరు ఊరూరా మారుమోగింది. ఆయన చీర కట్టునూ నడకనూ చూసి ఆడవాళ్లే నేర్చుకునేవారని పాత తరం చెప్పుకునేది. 1938లో రంగూన్‌లోని తెలుగువాళ్లు ఆయన తలకు బంగారు కిరీటం పెట్టారు. స్త్రీ పాత్రలు కట్టే నటుడికి సముద్రం అవతల కిరీటం పెట్టిన సన్నివేశం మన రంగస్థల చరిత్రలో మరొకటి చూపించడం కష్టం.

సంగీతం వైపు నుంచి చూస్తే అంతకన్నా పెద్ద విశేషం ఒకటుంది. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో కృష్ణుడు తన మాట దాటలేడని సత్యభామ ధీమాగా పాడే పాటను స్థానం తనకోసం తానే రాసుకున్నారు. నాటకకర్త ముత్తరాజు సుబ్బారావు. పాట మాత్రం నటుడిది. 1966లో రామానాయుడు అదే కథను సినిమాగా తీసినప్పుడు ఆ పాటను మార్చే సాహసం ఎవరూ చేయలేదు. జమున అభినయించగా సుశీల పాడారు. రచయితగా స్థానం పేరే ఉంది. మగవాడు ఆడవేషంలో పాడుకోవడానికి రాసుకున్న పాట నలభై ఏళ్ల తర్వాత కూడా ఆడగొంతుకు ఇంత చక్కగా అమరిందంటే, ఆయన ఆ పాత్ర లోపల ఎంత దూరం వెళ్లారో తెలుస్తుంది. నటన గురించి ఆయన రాసిన ‘నటస్థానం’ ఇవాళ్టి నటులు కూడా చదవాల్సిన పుస్తకం.

వేణువు లేని కృష్ణుడు

కల్యాణం రఘురామయ్య 1901లో పుట్టారు. ఈలపాట ఆయన ఇంటిపేరైపోయింది. నోట్లో వేలు పెట్టి ఈల వేసేవారు. అందులో రాగం పలికేది, గమకాలు పలికేవి. కృష్ణ పాత్రకు ఆయన గొంతు ఒక ఎత్తు, పక్కన వేణుగానం లోటు తెలియనివ్వని ఆ ఈల ఇంకో ఎత్తు. ఈల వేయడం పిల్లలకు పెద్దలు వద్దని చెప్పే పని. దాన్ని కచేరీ స్థాయికి తీసుకెళ్లి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా నడిపించిన మనిషి తెలుగులో ఈయనొక్కరే. సినిమాల్లోనూ తొలి టాకీల కాలం నుంచే ఉన్నారు. 1947 నాటి ‘గొల్లభామ’లో కథానాయకుడు ఆయనే. 1975లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశారు.

ఒక్క తాలూకా నుంచి పోతన, వేమన, త్యాగయ్య

ఈ ప్రాంతపు రికార్డులన్నిటిలో పెద్దది ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను. 1940ల్లో తెలుగు ప్రేక్షకులు తెర మీద పోతనను చూశారు, త్యాగరాజును చూశారు, వేమనను చూశారు. ముగ్గురూ నాగయ్యే. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947). ఈ మూడింటికీ రచన సముద్రాల రాఘవాచార్య. నాగయ్య 1904లో రేపల్లెలో పుట్టారు. సముద్రాల 1902లో అదే తాలూకా పెదపులివర్రులో పుట్టారు. తెలుగువాళ్ల మనసులో ముగ్గురు మహాకవుల రూపాన్నీ మాటనూ స్థిరపరిచిన ఇద్దరూ కూతవేటు దూరంలో పుట్టినవాళ్లన్నమాట.

నాగయ్య పెరిగింది చిత్తూరు వైపు. అందుకే పేరు ముందు ఆ ఊరు నిలిచిపోయి, పుట్టిన ఊరు వెనక్కి వెళ్లింది. రేపల్లెవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. నటన, గానం, సంగీత దర్శకత్వం, దర్శకత్వం ఈ నాలుగూ ఒక్క మనిషి ‘త్యాగయ్య’లో చేశారు. కీర్తనలు పాడుతున్నప్పుడు కచేరీ విద్వాంసుడిలా సంగతులు గుప్పించరు. ఇంట్లో దేవుడి ముందు కూర్చున్నవాడిలా పాడతారు. అది ఆయన ఎంచుకున్న పద్ధతి, ఆ ఎంపికలోనే ఆయన గొప్పతనం ఉంది. ఎల్లిస్ ఆర్. డంగన్ తీసిన తమిళ ‘మీరా’ (1945)లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పక్కన రాణాగా నటించిందీ ఈయనే. మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది.

సముద్రాల వారింట్లో ఇంకో రికార్డు కూడా ఉంది. కొడుకు రామానుజాచార్య కూడా సినీ రచయితే. పరిశ్రమ వాళ్లను సీనియర్ సముద్రాల, జూనియర్ సముద్రాల అని పిలిచింది. తండ్రీకొడుకులిద్దరూ ఏకకాలంలో పేరున్న పాటల రచయితలుగా వెలగడం తెలుగు సినిమాలో అరుదు.

పెళ్లికొడుకే కచేరీ చేసిన పెళ్లి

ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది కృష్ణా జిల్లా చౌటపల్లిలో, చదివింది విజయనగరంలో. ఆయన బతుకు మలుపు తిరిగింది మాత్రం పెదపులివర్రులో. 1944లో ఆ ఊళ్లో సావిత్రితో ఆయన పెళ్లి జరిగింది. ఆ సాయంత్రం పెళ్లికొడుకే పాటకచేరీ చేశారు. అత్తగారి ఊరు కావడంతో సముద్రాల పరిచయమయ్యారు, సినిమాల్లో ప్రయత్నించమని మద్రాసు పిలిచారు. ఘంటసాలకు గాయకుడిగా తొలి గుర్తింపు తెచ్చిన ‘స్వర్గసీమ’ (1945)లో కథానాయకుడు నాగయ్య. అంటే పిలిచింది పెదపులివర్రు, ఎదురొచ్చింది రేపల్లె. ఆ పెళ్లి ఇంకో ఊళ్లో జరిగి ఉంటే తెలుగు పాట ఏ దారిన నడిచేదో ఎవరు చెప్పగలరు?

తెర వెనక తొలి మగగొంతు

టాకీలు వచ్చిన తొలి రోజుల్లో నటించేవారే పాడాలి. గొంతు లేకపోతే వేషం లేదు. ఒకరు నటించి మరొకరు పాడే పద్ధతి తెలుగులో మొదలైనప్పుడు, తొలి నేపథ్య గాయకుడిగా చరిత్రకెక్కినవారు ఎం.ఎస్.రామారావు. సినిమా 1944 నాటి ‘తహసీల్దార్’. ఆయనది తెనాలి వైపు, అమృతలూరు దగ్గరి మోపర్రు. అయితే ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది సినిమా పాట కాదు, సుందరకాండ. రామాయణంలోని ఆ భాగాన్ని తేలిక తెలుగులో, ఒకే నడకలో, అక్షరం రానివాళ్లు కూడా వెంట పాడుకునేలా రాసి తానే పాడారు. జనం ఆయన్ను సుందరదాసు అన్నారు. హనుమాన్ చాలీసాను కూడా తెలుగు చేశారు. తెలుగునాట తెల్లవారుజామున హనుమంతుడి గుడి మైకులోంచి అంత ఎక్కువగా వినిపించిన గొంతు ఇంకొకటి ఉందని నేననుకోను.

నాదస్వరంతో పోటీ పడ్డ గొంతు

శిష్ట్లా జానకి 1938 ఏప్రిల్ 23న పల్లపట్లలో పుట్టారు. నాదస్వర విద్వాంసుడు పైడిస్వామి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. గురువు వాద్యం ఏమిటో గుర్తుపెట్టుకోండి, ఆ అవసరం ముందుంది.

1957లో తమిళంలో ‘విధియిన్ విళయాట్టు’తో మొదలుపెట్టారు. అదే ఏడాది తెలుగులో ‘ఎమ్మెల్యే’ సినిమాకు ఘంటసాలతో కలిసి పాడారు. తొలి ఏడాదే ఆరు భాషల్లో పాడిన గాయని ఆమె. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు.

1962లో ‘కొంజుం సలంగై’ అనే తమిళ చిత్రానికి సంగీత దర్శకుడు ఎస్.ఎం.సుబ్బయ్యనాయుడు ఒక కష్టమైన పాట కట్టారు. పక్కన వాయించేది నాదస్వర చక్రవర్తి కారుకుఱిచ్చి అరుణాచలం. ఆభేరి రాగం. వాద్యం ఏ స్వరం వేస్తే గొంతు అదే స్వరం, అదే వేగంతో అందుకోవాలి. నాదస్వరం దమ్ముతో ఊదే వాద్యం, మనిషి ఊపిరికి దాని ముందు నిలవడం సులువు కాదు. జానకి నిలబడ్డారు. ఎక్కడ వాద్యం ఆగింది, ఎక్కడ గొంతు మొదలైంది అని చెవి తడుముకునే చోట్లు ఆ పాటలో ఉన్నాయి. అదే సినిమా తెలుగులో ‘మురిపించే మువ్వలు’గా వచ్చినప్పుడు తెలుగు పాటనూ ఆమే పాడారు. పైడిస్వామి శిక్షణ ఎక్కడ అక్కరకొచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. సినిమా పాటల్లో ఇంతకు మించిన జుగల్బందీ దక్షిణాదిలో ఉందంటే నేను ఒప్పుకోను.

జాతీయ పురస్కారాలు నాలుగు. ‘16 వయదినిలే’, ‘ఓప్పోళ్’, ‘సితార’, ‘తేవర్ మగన్’. మూడు భాషలు: తమిళం రెండుసార్లు, మలయాళం, తెలుగు ఒక్కోసారి. ఇందులో మూడు పాటలకు బాణీ ఇళయరాజాది. ‘సప్తపది’లో చిన్నపిల్లవాడి గొంతుతో పాడిందీ ఈమే. తెలియనివాళ్లు విని నిజంగా ఎవరో పిల్లవాడు పాడాడనే అనుకుంటారు.

ఆగని నాటకం

బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో ‘సత్య హరిశ్చంద్రీయం’ రాశారు. వందేళ్లు దాటినా తిరునాళ్లలో అది ఇంకా ఆడుతోంది. ఇన్నేళ్లు ఆగకుండా ఆడిన తెలుగు పద్యనాటకాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాటి సీనులో జాషువా పద్యాలు కూడా పాడటం ఆనవాయితీ అయింది. ఊళ్లో నాటకం రాసినవాడు ఒకరు, వినుకొండ నుంచి వచ్చి చేరిన పద్యాలు ఇంకొకరివి, పాడేవాళ్లు వందల మంది. బందరు డి.వి.సుబ్బారావు గొంతులో ఆ కాటి సీను విన్నవాళ్లు దాన్ని మరిచిపోరు. బలిజేపల్లి ఆ తర్వాత సినిమాలకూ వెళ్లారు. జెమినీ వారి ‘బాలనాగమ్మ’ (1942) రచన ఆయనదే.

గొంతుతోనే భయపెట్టినవాడు, నవ్వించినవాడు

1933 నాటి ‘సతీ సావిత్రి’లో యముడు వేమూరి గగ్గయ్య. ఊరే ఇంటిపేరు. మైకులు లేని రంగస్థలం మీద ఆఖరి వరుసదాకా వినిపించేలా పెరిగిన గొంతు అది. తొలి తరం పౌరాణిక చిత్రాల్లో క్రూర పాత్రలకు ఆయన పద్యం ఒరవడి పెట్టింది. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు పెళ్లివంట లాగించే పాట ఎస్వీ రంగారావుది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాడింది మాధవపెద్ది సత్యం. ఆయనది పొన్నూరు దగ్గరి బ్రాహ్మణ కోడూరు.

ఇక్కడ రైలు మార్గాలను కూడా చెప్పుకోవాలి. తెనాలి నుంచి రేపల్లె దాకా బ్రాంచి లైను ముప్పై నాలుగు కిలోమీటర్లు. ఆ దారిలో వేమూరు దిగితే గగ్గయ్య, భట్టిప్రోలు దిగితే దగ్గర్లోనే సముద్రాల పెదపులివర్రు, చివరి స్టేషనులో నాగయ్య. ఇంత పొట్టి రైలు దారి మీద ఇందరు పాటవాళ్లు పుట్టిన ఉదాహరణ తెలుగునాట నాకు ఇంకొకటి తోచలేదు.

బొంబాయి వెళ్లిన ఏరువాక

తెనాలి నుంచి బాపట్ల వెళ్లే పెద్ద లైను మీద, బాపట్లకు ముందు వచ్చే స్టేషను అప్పికట్ల. అక్కడ 1905లో పుట్టారు కొసరాజు రాఘవయ్య చౌదరి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’తో సినిమా పాటలోకి వచ్చారు. రైతు మాట, పొలం మాట, సంతలో మాట, వాటిని సానపెట్టకుండానే పాటలోకి తెచ్చారు. ‘లవకుశ’ (1963) పాటల రచయితల్లో సముద్రాల, కొసరాజు ఇద్దరూ ఉన్నారు. రేపల్లె తాలూకా పండితుడూ బాపట్ల తాలూకా జానపదుడూ ఒకే రామకథలో కలిశారు.

‘రోజులు మారాయి’ (1955)లోని ఏరువాక పాట ఆయనదే. బాణీ మాస్టర్ వేణు, గొంతు జిక్కి, నృత్యం అప్పటికి పేరులేని కొత్త పిల్ల వహీదా రెహమాన్. పాట ఎంత ఊపేసిందంటే ఆ అమ్మాయి సినిమా జీవితమే మారిపోయింది. అయిదేళ్ల తర్వాత, 1960లో, ‘బంబయి కా బాబు’ చిత్రంలో ఎస్.డి.బర్మన్ అదే బాణీని ఆశా భోంస్లేతో పాడించారు. హిందీ బాణీలను తెలుగులోకి దించుకోవడం మామూలైన కాలంలో, డెల్టా రైతు పాట నడక బొంబాయి దాకా ఎదురెక్కింది. అప్పికట్ల స్టేషనులో ఇప్పుడు కొద్ది రైళ్లే ఆగుతాయి, కానీ ఆ పాట వస్తే బాపట్ల వైపు ఊళ్లలో ముసలివాళ్లు ఇవాళ్టికీ పెద్దగానే అందుకుంటారు.