విశాఖ నుంచి భీమిలి దాకా

పిల్లలూ! సెలవుల్లో నాన్నగారు మిమ్మల్ని విశాఖపట్నం తీసుకువెడితే ఏం చూస్తారు? "సముద్రం!" అని అందరూ ఒక్కసారే అరుస్తారు. నిజమే. కాని సముద్రాన్ని చూడటం కూడా ఒక విద్యే సుమా!

ముందు రామకృష్ణా బీచి మీద నిలబడి దక్షిణంగా చూడండి. ఒక కొండ సముద్రంలోకి ముక్కు చాచుకొని ఉంటుంది. అదే డాల్ఫిన్స్ నోస్. ఆ కొండ కెరటాలకు అడ్డు నిలవబట్టే దాని చాటున ఓడరేవు కట్టగలిగారు. 1933లో ఆ రేవు తెరిచారు.

బీచి పక్కనే 91 మీటర్ల పొడవున్న జలాంతర్గామి ఒకటి ఒడ్డెక్కి కూర్చున్నది. పేరు కుర్సురా. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయింది. లోపలి గుండ్రని తలుపుల్లో వంగి దూరుతూంటే, నావికులు అంత ఇరుకులో నీటి అడుగున ఎలా బతికారో తెలుస్తుంది.

ఇక భీమిలి రోడ్డు పట్టండి. ఎడమచేతి వైపు తొట్లకొండ వస్తుంది. రెండువేల ఏళ్ల నాడు అక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. కొండమీద వారికి నీళ్లెక్కడివి? రాతిలో తొట్లు తొలిచి వాననీరు పట్టుకునేవారు. కొండకు ఆ పేరు అందుకే వచ్చింది.

మరికొంత దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల క్రితం భూమి చల్లబడి, నీరు మంచుగా గడ్డకట్టి, సముద్రం వెనక్కు తగ్గింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరవేసి తెచ్చి ఇక్కడ పోసింది. ఇసుకకు పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు. వానలు దిబ్బల్ని కోసి లోయలు చేశాయి. ఇవి తొక్కితే రాలిపోతాయి. కనుక గట్లెక్కకండి, పిడికెడు మట్టయినా తేకండి.

ఒకప్పుడు మా బడిపిల్లలను ఈ తీరానికే తీసుకువచ్చాను. కెరటాలు విరగని చోటు చూసి ఒక కుర్రవాడు, "మాస్టారూ, ఇక్కడ నిమ్మళంగా ఉందండీ, దిగనా?" అన్నాడు. నేను సరేనన్నాను. మరుక్షణం వాడు లోపలికి కొట్టుకుపోతున్నాడు! ఒక జాలరి దూకి వాణ్ణి ఒడ్డుకు చేర్చాడు. "నిమ్మళంగా ఉన్న కాడే లాగేస్తాది బాబూ" అన్నాడు నాతో.

ఆ మాటలో శాస్త్రం ఉన్నది. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు మళ్లీ వెనక్కు పోవాలి గదా! అది ఒక లోతైన సన్నని దారి చేసుకొని వడిగా పోతుంది. ఆ దారిలో కెరటాలు అంతగా విరగవు. అందుకే చూడటానికి నెమ్మదిగా ఉంటుంది. ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డుకేసి పెనుగులాడకండి. తేలుతూ, చెయ్యెత్తి కేక వెయ్యండి. ఈత వస్తే తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

అన్నిటికన్నా మేలైనది, దిగకముందే అక్కడి జాలరి నొకణ్ణి అడగటం. పాతికేళ్లు పాఠాలు చెప్పిన నేను ఆనాడు అడగలేదు. మీరు అడగండి.