చికెన్ అయిపోయిన చికెన్ దుకాణం

2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని కేఎఫ్‌సీకి చికెన్ అయిపోయింది. సరుకు చేరవేసే పనిని పాత సంస్థ నుంచి డీహెచ్‌ఎల్‌కు అప్పగించిన వారంలోపే అంతా తలకిందులైంది. రగ్బీ అనే ఊళ్లోని గోదాము దగ్గర సరుకు చిక్కుకుపోయింది. దాదాపు 900 దుకాణాల్లో సగానికి పైగా షట్టర్లు దించేశాయి. చికెన్ దొరకట్లేదని మాకు ఫోన్లు చేయకండి మహాప్రభో అని లండన్‌లోని టవర్ హామ్లెట్స్ పోలీసులు ట్విటర్‌లో మొరపెట్టుకోవాల్సి వచ్చింది. కుర్రకారుకు ఇంతకంటే ఏం కావాలి? జోకులే జోకులు.

ఆ నెల 23న సన్, మెట్రో పత్రికల్లో కేఎఫ్‌సీ నిండు పేజీ ప్రకటన వేసింది. ఎర్రటి పేజీ, మధ్యలో ఖాళీ బకెట్, చుట్టూ రాలిన పలుకులు. బకెట్ మీద కంపెనీ పేరులోని అక్షరాలే తారుమారై ‘ఎఫ్‌సీకే’ అయ్యాయి. ఇంగ్లిష్‌లో నోరు జారే బూతుకు ఒక్క అక్షరమే తక్కువ! కింద సారీ. దూరం నుంచి వచ్చి మూసిన తలుపులు చూసి వెనుదిరిగిన వాళ్లకు ప్రత్యేకంగా క్షమాపణ, చెమటోడుస్తున్న సిబ్బందికి కృతజ్ఞతలు. డీహెచ్‌ఎల్ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పటికీ అందరూ ఆ బూతునే తలుచుకుంటారు. నాకు నచ్చిన తెగువ వేరే. నింద మోయడానికి రవాణా సంస్థ సిద్ధంగా దొరికినా, దాని నెత్తిన రుద్దలేదు. పైగా తినడానికి వచ్చినవాళ్లకు పోయింది ఒక పూట తిండే కాబట్టి నవ్వు చెల్లింది.

పెప్సీకి ఆ వెసులుబాటు లేదు. 2017 ఏప్రిల్‌లో వచ్చిన దాని ప్రకటనలో మోడల్ కెండల్ జెన్నర్ నిరసన ఊరేగింపులో నడుస్తూ వెళ్లి పోలీసు చేతికి పెప్సీ డబ్బా అందిస్తుంది. ఆయన ఒక గుక్క తాగగానే కేరింతలు. నల్లజాతివారిపై పోలీసుల హింసకు నిరసనగా అమెరికా వీధులు అట్టుడికిన రోజులవి. పోలీసు ఎదుట నిలిచిన తన తండ్రి, పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ పాత ఫొటో పెట్టి, నాన్నకు పెప్సీ మహిమ తెలియలేదు పాపం అన్నట్టుగా బెర్నిస్ కింగ్ చురక వేశారు. ప్రకటన వచ్చిన మర్నాడే పెప్సీ దాన్ని ఆపేసి, గురి తప్పామని ఒప్పుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇరకాటంలో పెట్టామంటూ కెండల్‌కూ సారీ చెప్పింది! పేరు పెట్టి క్షమాపణ అందుకున్నది ఆవిడ ఒక్కతే.

మన దగ్గర జొమాటో సంగతి చూడండి. 2024 మార్చిలో శాకాహారం మోసుకెళ్లేవాళ్లకు ఆకుపచ్చ చొక్కాలంటూ దాని అప్పటి అధినేత దీపిందర్ గోయల్ ప్రకటించారు. మరి మామూలు ఎర్రచొక్కాలో వచ్చినవాణ్ని మాంసం తెచ్చాడని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేస్తే? అద్దెకున్న కుర్రాళ్లు ఏం తెప్పించుకుంటున్నారో ఓనరు కనిపెడితే? హైదరాబాద్‌లో ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న టులెట్ బోర్డు చూసినవాళ్లకు ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు. మర్నాడే గోయల్ ఆకుపచ్చ చొక్కా ఎత్తేసి అందరికీ ఎరుపే అన్నారు. డెలివరీవాళ్ల భద్రత, ఇంటి ఓనర్లతో వచ్చే తంటా అంటూ కారణాలూ చెప్పారు. శాకాహార బృందాన్ని మాత్రం కొనసాగించారు. సగమే తగ్గారని అనొచ్చు. నాన్చలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి.

‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే’ అని మొదలయ్యే ప్రకటనను ఇరవై ఏళ్ల పిల్లలు పూర్తిగా చదవరు. క్షమాపణ రాసే మార్కెటింగ్ మిత్రులకు ఒక మనవి: నష్టపోయింది ఎవరో మొదటి వాక్యంలో రాయండి, రేపటి నుంచి ఏం మారుస్తారో రెండో వాక్యంలో చెప్పండి. జోకు సంగతి ఆ తర్వాత ఆలోచించండి.