ఆపమంటే ఆగని కదలికలు

మొదట ఒక చిన్న ప్రయోగం చేద్దాం. మీ స్నేహితుణ్ణి గడియారం చూస్తూ ఉండమనండి. మీరు రెప్ప వేయకుండా పాఠ్యపుస్తకంలోని ఒక పేరా చదవండి. మొదటి కొన్ని సెకన్లు సులువుగానే గడుస్తాయి. తరువాత కళ్ళు మండుతాయి. ధ్యాస పాఠాన్ని వదిలి కళ్ళ మీదికి పోతుంది. చివరకు రెప్ప పడుతుంది. ఒక్కసారి కాదు, గబగబా నాలుగైదు సార్లు. అప్పుడు ఎంత హాయిగా ఉంటుందో! మరి, చదివిన పేరాలో ఏముందో చెప్పగలరా?

ఈ అనుభవాన్ని గుర్తుంచుకోండి. ఇప్పుడు అడిక్‌మెట్‌లో ఒక బడిని ఊహించుకుందాం. ఎనిమిదో తరగతిలో పాఠం జరుగుతోంది. ఒక అబ్బాయి మాటిమాటికీ మెడ విదిలిస్తున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు. వెనక బెంచీవాళ్ళు కిసుక్కున నవ్వారు. “ఏమిట్రా ఆ వేషాలు? ఆపు!” అన్నారు మాస్టారు. అబ్బాయి రెండు నిమిషాలు ఆపాడు. తరువాత మళ్ళీ మొదలు. “చూశారా, ఆపగలడు. అంటే కావాలనే చేస్తున్నాడు” అని అందరూ తేల్చేశారు. ఇది సరైన తీర్పేనా? రెప్ప వేయకుండా మీరు కూడా కాసేపు ఉండగలిగారు కదా! అంతమాత్రాన రెప్ప వేయడం కొంటెతనం అవుతుందా?

టిక్ అంటే ఏమిటి?

ఉన్నట్టుండి, వేగంగా, ఒకే తీరున మళ్ళీ మళ్ళీ వచ్చే కదలికను గాని, శబ్దాన్ని గాని ‘టిక్’ అంటారు. కళ్ళు టపటపలాడించడం, భుజం ఎగరేయడం, ముఖం చిట్లించడం కదలికల టిక్కులు. ముక్కు ఎగబీల్చడం, గొంతు సవరించడం శబ్దాల టిక్కులు. కుడికన్ను అదిరితే మంచిదని పెద్దలు అంటుంటారే, అది టిక్ కాదు. అక్కడ కనురెప్పలోని చిన్న కండరం దానంతటదే అదురుతుంది. టిక్‌కు ముందు చాలామందికి ఆ చోట దురద వంటి ఒక ఒత్తిడి తెలుస్తుంది. టిక్ వచ్చాక అది కాసేపు తగ్గుతుంది.

బడి ఈడు పిల్లల్లో టిక్కులు అరుదేమీ కాదు. చాలామందిలో అవి కొన్ని వారాలో, నెలలో ఉండి పోతాయి. పలు రకాల కదలికల టిక్కులతోపాటు కనీసం ఒక శబ్దపు టిక్ కూడా కనిపించి, మొదలై ఏడాది దాటితే దానిని ‘టూరెట్ సిండ్రోమ్’ అంటారు. 1885లో ఇటువంటి తొమ్మిదిమంది రోగులను వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ పేరే దానికి వచ్చింది.

ఎందుకు వస్తుంది?

అడిక్‌మెట్ పక్కగా పోయే రైళ్ళకు సిగ్నల్ ఉంటుంది. పచ్చదీపం వెలిగితేనే బండి కదలాలి. మన మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగాలు కదలికలకు ఇటువంటి పనే చేస్తాయి. కావలసిన కదలికను పోనిస్తాయి, అక్కరలేనిదాన్ని ఆపుతాయి. టిక్కులు ఉన్నవారిలో ఈ ఏర్పాటు కొంత తడబడి, పిలవని బండికి పచ్చదీపం వెలుగుతుంది. ఇందులో డోపమిన్ అనే రసాయనానికి పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలకూ పాత్ర ఉంది. ఇది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు. పెంపకంలో లోపమూ కాదు.

టిక్కులు సాధారణంగా ఐదారేళ్ళ వయసులో మొదలై, పది పన్నెండేళ్ళప్పుడు ఎక్కువగా ఉంటాయి. యౌవనం వచ్చేసరికి చాలామందిలో బాగా తగ్గుతాయి. ఆందోళన, అలసట, నిద్రలేమి వాటిని పెంచుతాయి. పరీక్షల రోజుల్లో ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఇష్టమైన ఆటలోనో, సంగీతంలోనో లీనమైనప్పుడు తగ్గడమూ ఉంది.

ఏం చేయాలి?

టిక్కుల వల్ల చదువుకు, నిద్రకు, స్నేహాలకు ఇబ్బంది లేకపోతే మందు అక్కరలేదు. ఇబ్బంది ఉంటే చికిత్స ఉంది. 1973లో అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక శిక్షణను వివరించారు. ఒత్తిడి మొదలవుతోందని గుర్తించగానే టిక్‌తో పాటు జరగలేని మరొక పని చేయాలి. మెడ విదిలించేవారు గడ్డం కాస్త దించి, మెడ కండరాలను మెల్లగా బిగించి ఒక నిమిషం నిలపాలి. గొంతు సవరించేవారు ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలాలి. దీన్ని శిక్షణ పొందిన నిపుణుల దగ్గర నేర్చుకోవడం మేలు. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. వాటితో మగత వంటి ఇబ్బందులు రావచ్చు కాబట్టి డాక్టరు చెప్పినట్టే వాడాలి. అడిక్‌మెట్ వారికి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. పంజగుట్టలో నిమ్స్ ఉంది. మనసు కుంగితే, 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక తరగతి సంగతి. టిక్‌ను రోజంతా అణచుకునే విద్యార్థికి పాఠం మీద మిగిలే ధ్యాస ఎంత? మీరు చదివిన పేరా మీకు ఎంత గుర్తుందో అంత! “ఆపు” అన్నకొద్దీ అతనికి ఆందోళన పెరుగుతుంది, దానితో టిక్ పెరుగుతుంది. వెక్కిరింపుకు భయపడి కొందరు బడికి రావడమే మానుకుంటారు. టిక్ చేయలేని నష్టం వెక్కిరింపు చేస్తుంది. అందుచేత టిక్‌ను పట్టించుకోకండి, మనిషిని పట్టించుకోండి. అతనితో మామూలుగా మాట్లాడండి, ఆటల్లోకి పిలవండి. అవసరమైనప్పుడు కాసేపు బయటికి వెళ్ళి రావడానికి, పరీక్షలో విడిగా కూర్చోవడానికి వీలు కల్పించమని అతని తల్లిదండ్రులు బడిని అడగవచ్చు.

అమెరికాలో బ్రాడ్ కోహెన్ అనే ఆయన టూరెట్ సిండ్రోమ్‌తోనే పెరిగి ఉపాధ్యాయుడయ్యారు. ఉద్యోగం కోసం వెళ్ళిన ఎన్నో బడులు ఆయన్ను కాదన్నాయి. చివరికి ఒక బడి తీసుకుంది. ఆయన జీవితం ఆధారంగానే 2018లో ‘హిచ్‌కీ’ అనే హిందీ సినిమా వచ్చింది. టిక్కులు పూర్తిగా పోయాక ఆయన పాఠం చెప్పలేదు, టిక్కులతోనే చెప్పారు. పిల్లలు విన్నారు.